షోకేసు వెనక అట్ట

గుండయ్య హైదరాబాదు నుమాయిష్ ఎగ్జిబిషన్ నుంచి షోకేసు తెచ్చిండని తెలిసి కొత్తవాడ గల్లీలో సగం మంది చూడవచ్చారు. వచ్చినవాళ్లకు కనబడింది షోకేసు కాదు, పురికొసతో బిగగట్టిన పలుచటి అట్టపెట్టె.

"ఏది? పండవెట్టి తెచ్చినవా ఏంది?" అని ఎదురింటి కట్టమ్మ నవ్వింది.

"ముక్కలు ముక్కలుగ ఉంటది వదినె. ఇంటికాడ మనమే బిగించుకోవాలె. హైదరాబాదుల ఇప్పుడంత గిదే" అన్నాడు గుండయ్య.

ఆ మాటకు అతని పెండ్లాం మొగిలమ్మ కొంగు సర్దుకుంది. కొంగు సర్దుకున్న తీరు గడపలో నిలబడ్డ తోడికోడలు శ్యామలమ్మకు సూదిలా గుచ్చుకుంది.

ఒకటే ఇల్లు, అన్నదమ్ముల రెండు వాటాలు. నడిమి అర్రలో గుంట మగ్గం. దాని మీద అన్న నర్సింగం జంపకానాలు నేస్తాడు, శ్యామలమ్మ నూలుకు రంగు అద్దుతుంది. తమ్ముడు గుండయ్య మగ్గం విడిచి బ్యాంకులో అటెండరు పనిలో చేరాడు. చేరినప్పటి నుంచి అవతలి వాటాలోకి ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. మొదట ఫ్యాను, తర్వాత కుక్కరు, ఇప్పుడు షోకేసు. ఇవతలి వాటాలో తళతళలాడేది తోమిన ఇత్తడి చెంబొక్కటే.

ఆదివారం పొద్దంతా గుండయ్య బిగించాడు. ఎంత ఉద్యోగమొచ్చినా సాలోళ్ల పిల్లగాడే కదా, మగ్గం బిగించినట్టే బిగించాడు. నాలుగు గుంజలు నిలబెట్టాడు, అడ్డాలు వేశాడు, అద్దం తలుపులు తగిలించాడు. మగ్గానికి వీపు ఉండదు. షోకేసుకు ఉంటుందని అతనికి ఎట్లా తోస్తుంది? అందుకే పెట్టెలో అన్నింటికన్నా అడుగున ఉన్న పలుచని చెక్క అట్టను ప్యాకింగ్ అనుకొని గోడకు ఆనించాడు. గుప్పెడు సన్న మొలలు మిగిలితే, "మంచోడు, ఎక్కువనే ఇచ్చిండు" అని జేబులో వేసుకున్నాడు.

శ్యామలమ్మ కన్ను అట్ట మీద పడింది. ఒక పక్క తెల్లగా నున్నగా ఉంది, ఇంకో పక్క గోనెసంచి లెక్క గరుకుగా ఉంది.

"గిదేం జేస్తరే?"

"ఏం జేస్తమక్కా, పారేసుడే. నీకు పనికొస్తె తీస్కపో" అన్నది మొగిలమ్మ.

నీకు పనికొస్తె! పారేసేది తనకట! అయినా వదల్లేదు, చంకన పెట్టుకొని పోయింది. దొడ్లో తడి నూలు ఆరేయడానికి నేలకన్నా అది మేలు. మరునాడు దాని తెల్ల పక్క మీద ఎర్ర నూలు చుట్టలు పరిచింది.

అవతల మొగిలమ్మ గాజు గిలాసలు, పింగాణి బొమ్మలు అద్దాల వెనక పేర్చుకుంది. తెల్లారి నర్సింగం మగ్గంలో కూర్చొని మొదటి దెబ్బ వేశాడో లేదో, షోకేసు గల్లుమంది. తలుపు తీస్తే ఎడమకు ఒరిగింది, వేస్తే కుడికి వాలింది. బొమ్మలు జాతరలో శివమెత్తినట్టు ఊగాయి.

శ్యామలమ్మ ప్రాణం లేచొచ్చింది.

"ఓ ఇంటాయనా, దెబ్బ జర గట్టిగెయ్యి. జంపకానా వదులు వదులు కొడ్తాంది."

"గట్టిగనే ఏస్తాన్న గదనే."

"ఇంకింత!"

దెబ్బ దెబ్బకూ అవతలి నుంచి మొగిలమ్మ "అయ్యో, అయ్యో" అంటుంటే ఈమెకు కడుపు నిండినట్టుంది.

ఆ సంబురం ఎంతోసేపు లేదు. గుండయ్య వచ్చి, "అన్నా, జర నువ్వు జూడు. నీ చెయ్యి పడితెనే గిది నిలవడ్తది" అన్నాడు. గల్లీలో ఎవరి మగ్గం వంకర పోయినా నర్సింగాన్నే పిలుస్తారు. పిలిచింది తమ్ముడాయె, మగ్గం ఆపి పోయాడు. షోకేసు కాళ్ల కింద చెక్క చీలికలు పెట్టాడు, మరలు తిప్పాడు, మూల నుంచి మూలకు నూలుపోగు లాగి కొలిచాడు. పట్టుకున్నంత సేపు బుద్ధిగా నిలబడేది, చెయ్యి తియ్యంగానే ఒరిగేది.

శ్యామలమ్మకు ఒళ్లు మండింది. 'నా పీట కాలు ఊగుతాందంటె దసరా సంది చెవిన పెట్టలె. మరదలి షోకేసు ఊగంగనే మగ్గం బందువెట్టిండు!'

ఆ మంటలోనే దొడ్లోకి పోయి, ఆకుపచ్చ నూలు ఆరేద్దామని అట్టను లేపి దులిపింది. అట్ట అంచు నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆమె చీర మీద పడింది. చూస్తే చుట్టూరా సన్న బొక్కలు, వరసగా. గుండయ్య జేబులో మొలలు గుర్తొచ్చాయి. షోకేసు వెనక గుంజలకు ఇట్లాంటి బొక్కలే చూసిన యాది. ఆదివారం పొద్దంతా వంకలు వెతుకుతూ చూసిన కన్ను కదా.

అటూ ఇటూ చూసింది. ఆకుపచ్చ చుట్టలు తీసి, నీళ్లు కారుతుండగానే, అట్ట నట్టనడుమ పరిచింది.

అట్ట సంగతి మరునాడు పొద్దున దాకా కడుపులోనే పెట్టుకుంది. నర్సింగం మళ్లీ పోగు పట్టుకొని షోకేసు ముందు కూర్చున్నాడు. అప్పుడు లోపల్నుంచి మొగిలమ్మ మొగనితో అన్నది, మెల్లగానే అంటున్నాననుకొని అన్నది: "బావకు మగ్గం తప్ప ఏం తెల్వదయ్యా. హన్మకొండ మేస్త్రీని పిలువరాదు?"

నర్సింగం పోగును వేలికి చుట్టుకుంటూ లేచి వచ్చాడు. మగ్గం గుంటలో కాళ్లు వేసి కూర్చున్నాడు గానీ పోగు నడిపే నాడె ముట్టలేదు.

మేస్త్రీ వస్తే గల్లీ అంతా చూస్తుంది. నర్సింగానికి చేతకాలేదట అని కట్టమ్మ ఇంటింటికీ చెబుతుంది. అట్ట ఇస్తే మొగిలమ్మ షోకేసు నిలబడుతుంది, ఇవ్వకుంటే ఈయన పేరు పడిపోతుంది. శ్యామలమ్మ కుంపటి మీద కూర అడుగంటేదాకా అట్లాగే నిలబడింది.

చివరికి విసురుగా వచ్చింది. "నీ కండ్లు యాడున్నయి? దొడ్లె అట్టకు చుట్టూత బొక్కలున్నయి, జూసినవా?"

నర్సింగం పోయి చూశాడు. "అరె! దీని వీపే గిది! నువ్వెప్పుడు జూసినవే?"

"ఇప్పుడే."

అతను ఆకుపచ్చ మరకను గోటితో గీకి చూశాడు. మాఘమాసపు ఎండకు రంగు అంత గట్టిపడాలంటే ఎంతసేపు పడుతుందో సాలోనికి ఒకరు చెప్పాలా? పెండ్లాం మొఖం వంక చూశాడు, అట్ట ఎత్తుకొని పోయాడు.

తెల్ల పక్కను లోపలికి పెట్టి, గుండయ్య జేబులోని మొలలు కొట్టంగానే షోకేసు పాతిన రాయి లెక్క నిలబడింది. "అందుకే నిన్ను పిలిచిన అన్నా!" అన్నాడు గుండయ్య. మొగిలమ్మ మాత్రం అద్దాల వెనక నూలు చుట్టలు అంటించిన ఎర్రటి, ఆకుపచ్చటి చక్రాలను తడిబట్టతో రుద్దుతూనే ఉంది.

"పోదు చెల్లె. మా రంగు పోయే రంగు గాదు" అన్నది శ్యామలమ్మ, చల్లగా.

సాయంత్రం కట్టమ్మ చూడవచ్చింది. "అవ్వో, ఎనక ఆ చక్రాలు ఎంత ముద్దుగున్నయే! నుమాయిష్ల అట్లనే వచ్చిందా?"

మొగిలమ్మ తోడికోడలి వంక ఓరగా ఒక చూపు చూసింది. "ఆ వదినె. డిజైను."

"అన్నిట్ల ఆ ఆకుపచ్చది జూడు, నడుమల ఎట్ల కూసున్నదో!"

గడపలో ఉన్న శ్యామలమ్మకు 'అది నా రంగే' అన్న మాట నాలిక కొసకు వచ్చింది. అంటే, ఆకుపచ్చది ఎప్పుడేసినవని అడుగుతారు. మగ్గం మీద నర్సింగం చెయ్యి ఆగి ఉంది, వింటున్నాడు. ఆమె వేళ్ల సందున ఇంకా పోని ఆకుపచ్చను కొంగు కింద దాచుకుంది.

మగ్గం మళ్లీ మొదలైంది, ధనాధన్. ఒక్క గిలాసన్నా గల్లుమంటుందేమోనని చెవిపెట్టింది. ఒక్కటీ కదల్లేదు.

"ఏమే," అని మగ్గం గుంటలోంచి కేకేశాడు నర్సింగం. "నీ పీట తే, కాలు జూస్త."

"మరదలి పని అయినంక యాదికొచ్చిందా?" అని గులుగుతూనే పీటను రెండు చేతులా ఎత్తుకొని, దొడ్డిదారి విడిచి, షోకేసు ముంగట నుంచే, మొగిలమ్మకూ కట్టమ్మకూ కనబడేటట్టు నడిచిపోయింది.