కిటికీ బాగా వచ్చింది

నాలుగో ముక్కను ఏటవాలుగా కోసి, మొదటి ముక్కకు ఆనించి, వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూశాడు. సందు కనపడలేదు. అయినా మనసు ఒప్పుకోక, జేబులోంచి ఇనుప మూలమట్టం తీసి లోపలి మూలలో పెట్టి ఇంకోసారి చూశాడు. ఫోటోలకు ఫ్రేములు కట్టే ఆ కొట్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తూ ఒక్క మూలనైనా కంటిని నమ్మి వదిలినవాడు కాదు. అందుకే వీధివీధంతా ఆయన్ని మూలమట్టం అంటుంది. అసలు పేరు గుర్తున్నది అక్కకొక్కదానికే. ఆవిడ కూడా ఒరేయ్ అనే పిలుస్తుంది.

సన్నటి మనిషి. చొక్కా మీద ఎప్పుడూ రంపపు పొట్టు. వేళ్ళ కొసల్లో అద్దం కోసిన పాత గీతలు. కెమెరాలోంచి చూస్తూ మూసీ మూసీ ఎడమకన్ను కుడికన్ను కంటే కొంచెం చిన్నదైపోయింది.

పది గంటలకు ఒకాయన వచ్చాడు. నిద్రలేని కళ్ళు, మాసిన గడ్డం. కవర్లోంచి పాత పెళ్ళి ఫోటో ఒకటి తీసి, వెనక వరుసలో వేలు పెట్టాడు. అక్కడ ఎవరిదో భుజం చాటున ఒక ఆడమనిషి ముఖం సగం కనిపిస్తోంది.

“ఈవిడ ఒక్కరే వచ్చేలా పెద్దది చేయించి ఫ్రేము కట్టాలండీ. మా అమ్మ.”

“ఇంకోటేమీ లేదా బాబూ?”

“లేదండీ. ఫోటో అంటే చాలు, ఎవరో ఒకరి వెనక్కి పోయేది. మేం కూడా ఎప్పుడూ ముందుకు లాగలేదు.”

గోరంత ముఖాన్ని పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఆ సంగతి చెప్పడానికి మూలమట్టానికి నోరు రాలేదు. మధ్యాహ్నం ల్యాబుకు వెళ్ళే పనుంది, అడిగి చూస్తానని తీసుకున్నాడు. ఆయన వెళ్ళిపోయాక చాలాసేపు ఆ సగం ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. 

ల్యాబులో తీసుకోవాల్సింది అక్క ఫోటో.

ఎప్పుడో తనకు పాతికేళ్ళప్పుడు, పక్కవీధి స్టూడియో ఆయన కొట్టు మూసేస్తూ తన పాత కెమెరా ఇతని చేతిలో పెట్టి ఒక ముక్క చెప్పాడు: “బొమ్మ లోపలే ఒక చట్రం వెతుక్కోవయ్యా. గుమ్మమో, కొమ్మో, ఏదో ఒకటి. అప్పుడు చూసేవాడి కన్ను పక్కకి జారిపోదు.” చెప్పినాయన మర్చిపోయే ఉంటాడు. విన్నవాడు మాత్రం దాన్ని పట్టుకుని వేలాడాడు. సెలవు దొరికితే చాలు, కెమెరా మెడలో వేసుకుని కన్నాల కోసం తిరిగేవాడు. వంతెన కమాను లోంచి పడవ. సైకిలు చక్రం లోంచి వీధి. కూలిన గోడ కంతలోంచి పిల్లి. ఊళ్ళో ఫోటోల పిచ్చివాళ్ళంతా కలిసి ఒక హాల్లో బొమ్మలు పెట్టినప్పుడు ఆ సైకిలు చక్రాన్ని కూడా గోడకెక్కించారు. ఆ వేళ ఆయన కొత్త చొక్కా తొడుక్కున్నాడు.

అక్క ఆ బొమ్మల్లో లేకపోలేదు. చాలావాటిలో ఉంది. గుమ్మంలో నల్లటి నీడగా ఉంది. ఆరేసిన దుప్పట్ల మధ్య ఒక చెయ్యిగా ఉంది. కిటికీ ఊచల వెనక చెంప, చెవి, అంతే. అమ్మానాన్నలు పోయాక దర్జీ కొట్టులో గుండీలు కుట్టి వీడిని పెద్దచేసిన మనిషి. పెళ్ళి ఊసెత్తితే, ముందు వీడిది కానీ అనేది. వీడు, ముందు అక్కది కానీ అనేవాడు. అలా ఇద్దరూ ఒకరి మీదొకరు పెట్టుకుని అరవై దాటేశారు.

ఈ మధ్య ఆవిడకు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. గుండె బాగా అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. పోయిన వారం మందులు మింగుతూ అంది:

“ఒరేయ్, రేపు నేను పోయాక మీ అక్కెలా ఉండేదని ఎవరైనా అడిగితే ఏం చూపిస్తావురా? కిటికీలా?”

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆదివారమే ఆవిడను కూర్చోబెట్టాడు. ఎక్కడనుకున్నారు? కిటికీ పక్కనే. అలవాటు ప్రాణం తీస్తుంది మరి.

మధ్యాహ్నం ల్యాబు అమ్మాయి ముందుగా పెళ్ళి ఫోటోను భూతద్దంతో చూసి పెదవి విరిచింది. తర్వాత ఇతని కవరు ఇచ్చింది. అక్కడే నిలబడి విప్పాడు. కిటికీ అద్భుతంగా వచ్చింది. చెక్క మీద పగుళ్ళు, పెచ్చులూడిన రంగు, బోల్టు తుప్పు, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. దాని మధ్య అక్క ముఖం ఆవిరి పట్టిన అద్దంలోలా మసకగా ఉంది. కళ్ళు ఎక్కడున్నాయో ఊహించుకోవాలి. ఫోకస్ రింగు తిప్పుతుంటే తన కన్ను చట్రం అంచు మీదే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళకు పైగా అక్కడే ఆగుతోంది.

రోడ్డు పక్కకు వచ్చి అక్కకు ఫోన్ చేశాడు.

“ఎలా వచ్చిందిరా?”

అబద్ధం నాలుక దాకా వచ్చింది కానీ చెప్పలేకపోయాడు. “కిటికీ బాగా వచ్చింది.”

అవతల నవ్వు, నవ్వు వెనకే దగ్గు. “అయితే దాన్నే పెట్టుకుని పూజించు. నేనెందుకు మధ్యలో?”

“సాయంత్రం మళ్ళీ తీస్తానక్కా. నాలుగున్నరకల్లా వచ్చేస్తా, వెలుగుండగానే.”

“ఈసారి గోడ ముందు కూర్చుంటా. నీ తలుపులూ కిటికీలూ ఏవీ ఉండకూడదు. నా మొహం చూసి తియ్యి. సరేనా?”

“సరే.”

కొట్టుకు తిరిగొచ్చి, యజమానిని నాలుగింటికి వెళ్ళనిమ్మని అడిగాడు. ఎప్పుడూ సెలవడగని మనిషి అడిగేసరికి ఆయన నోరెళ్ళబెట్టి, వెళ్ళు వెళ్ళు అన్నాడు. మూలమట్టం అటక మీద చాలాకాలంగా దాచుకున్న నల్లచెక్క పట్టీ దించాడు. అక్క ఫోటోకు ఫ్రేము ఇవాళే సిద్ధం చేసి పట్టుకెళ్దామనిపించింది. మూడున్నరకు నాలుగు ముక్కలూ కోశాడు. మూడు మూలలు కుదిరాయి. నాలుగోదాంట్లో వెంట్రుకవాసి సందు.

వదిలేయొచ్చు. మైనం పూస్తే ఎవరికీ తెలియదు. కానీ అక్కది. ఊడదీశాడు, చిత్రిక పట్టాడు, మళ్ళీ అతికాడు. ఇప్పుడు రెండో మూల తెరుచుకుంది. గోడ గడియారం నాలుగు దాటింది, నాలుగున్నరా దాటింది. ఇంకొక్క ఐదు నిమిషాలు అనుకుంటూనే ఉన్నాడు. చివరికి నాలుగు మూలలూ సూది దూరకుండా కలిసేసరికి అయిదూ పది. ఫ్రేమును కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని, వీధిలో పరుగులాంటి నడక నడిచాడు. ఇంకా వెలుగుంది. మేడల మీద పసుపుపచ్చగా ఉంది. చాలు, ఇది చాలు అనుకున్నాడు.

మెట్ల దగ్గర పక్కింటావిడ నిలబడి ఉంది. ఇతన్ని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఫోన్ చేస్తూనే ఉన్నానన్నయ్యా. మీరు ఎత్తలేదు.”

ఫోను కొట్టులో బల్ల మీదే ఉండిపోయింది, పొట్టు కింద. పని ధ్యాసలో దాని మోత వినలేదు.

“అప్పటిదాకా బానే ఉందన్నయ్యా. గోడ దగ్గరికి కుర్చీ జరపమంటే జరిపాను. జుట్టు దువ్వుకుంది. వాడొచ్చేస్తున్నాడు, నాలుగున్నరకల్లా వస్తానన్నాడు అంటూ అట్లాగే కూర్చుంది. మంచం మీద పడుకోమంటే, లేస్తే మళ్ళీ కూర్చోలేనంది. అయిదింటికి కాసిని మంచినీళ్ళు అడిగింది. తెచ్చేసరికి తల పక్కకి వాలిపోయింది.”

అప్పటికే అక్కను మంచం మీదికి చేర్చారు. దుప్పటి గడ్డం దాకా కప్పారు. మూలమట్టం మంచం పక్కన నేల మీద కూలబడి ఆవిడ ముఖం చూశాడు. ఎడమ కనుబొమ్మ పైన చిన్న మచ్చ ఉంది. కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి వాటిని ఇప్పుడు చూస్తున్నాడు. ఏడుపు వచ్చింది. ఏడ్చాడు. పక్కింటావిడ దీపం వేసింది.

చాలాసేపటికి తల తిప్పాడు. గోడ ముందు కుర్చీ ఇంకా అలాగే ఉంది. దాని వెనక గోడ మీద క్యాలెండరు లేదు.

“తనే తీసేయించిందన్నయ్యా,” అంది ఆవిడ. “ఉంటే మావాడు దాని అంచు పట్టుకుంటాడు, నన్నొదిలేస్తాడు అంది.”

క్యాలెండరు తీసిన చోట మాయని సున్నం నలుపలకగా, తెల్లగా మిగిలిపోయింది. నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయి. ఆవిడ కూర్చుని ఉంటే తల కచ్చితంగా దాని మధ్యకే వచ్చేది. అది కూడా చట్రాలు వెతికే ఆ కన్నే చూసింది. ఆ కన్ను మీద ఆయనకు అసహ్యం పుట్టి గట్టిగా మూసుకున్నాడు.

తెరిచేసరికి కుర్చీ చేతి మీద దువ్వెన కనిపించింది, పళ్ళ మధ్య రెండు తెల్ల వెంట్రుకలతో.