పసుపు పూసిన పలక

నేను ఒక సోలార్ పలకను. పుట్టుకతో ఇసుకను. కొలిమిలో కరిగి, నీలి బిళ్లలుగా మారి, అద్దం కప్పుకుని విశాఖపట్నంలో ఓ కొండవాలు డాబా మీదికి చేరాను. అటు సముద్రం, ఇటు మబ్బు. పగలంతా నాకు కలే. కలలో నేను ఎండ తాగుతుంటాను, కింద బ్యాటరీ నిండుతుంటుంది.

నన్ను కోరి తెచ్చుకున్నది నూకరత్నం. దోసెల పిండి రుబ్బి వీధిలో అమ్ముకునే మనిషి. ఆ కొండ మీద కరెంటుకి నీరసమెక్కువ, గ్రైండరు తిరగదు. పన్నెండేళ్లు రోట్లో పొత్రం తిప్పీ తిప్పీ ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఇంకో ఏడాది రుబ్బితే ఆ చెయ్యి ఉన్నా లేనట్టేనని డాక్టరు చెప్పేశాడు.

ఆమె మొగుడు బంగార్రాజుకి మాత్రం నా మీద గురి లేదు. "ఈ ఊర్లో ఎండెక్కడిదే? మబ్బులకి పుట్టినూరు ఇది. నెల సూత్తాను. పిండి నలగకపోతే దింపించీడవే," అన్నాడు.

మొదటిరోజు గ్రైండరు గిరగిరా తిరిగింది. నా అంతటిది లేదనుకున్నాను. ఇంతలో శుక్రవారం వచ్చింది. నూకరత్నం తలంటుకుని పైకొచ్చి, ఇంట్లోకి వెలుగొచ్చే గడప ఇదేనంటూ నా కింది అంచున జానెడు మేర పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. పై అంచుకి పాపం చెయ్యి అందలేదు. దేవతనైపోయానని నేను ఎంత నిక్కానో!

ఆ నిక్కు మూన్నాళ్ల ముచ్చటే. నా బిళ్లలన్నీ ఒకే గొలుసు. పసుపు కమ్మి కింది వరస కళ్లు మూసుకుంటే పైవాటి పనీ ఆగిపోతుంది. గ్రైండరు మూలిగి నిలబడింది. సగం నలిగిన మినప్పప్పు చూసి నూకరత్నం దిగులుపడింది. దిగులుతో భక్తి పెరిగింది, భక్తితో పసుపు పెరిగింది. మనుషులింతే! నోరుంటే చెప్పేదాన్ని.

నెల నిండింది. "నానేటి సెప్పాను?" అంటూ బంగార్రాజు నన్ను దింపడానికి మర్నాటికి మనుషుల్ని పిలిచాడు. నూకరత్నం మూలనున్న రోలు కడిగి పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం సముద్రం మీదినుంచి జల్లు కొట్టింది. పసుపంతా కాలవకట్టి పోయింది. తెల్లారితే పల్చటి మబ్బు, దాని వెనక పాలిపోయిన ఎండ. అయినా ఆ కాస్త ఎండే ఎంత కమ్మగా ఉందో! మధ్యాహ్నం మనుషులు నిచ్చెన తెచ్చేసరికి, ఆఖరుసారని నూకరత్నం పప్పు వేసి మీట నొక్కింది. గ్రైండరు ఆగకుండా తిరిగింది.

"ఓలమ్మో! మబ్బులో తిరుగుతోంది మావా!" అని అరుస్తూ పైకి పరిగెత్తుకొచ్చింది. కడిగిన నా అద్దం చూసింది, గోళ్లలో మిగిలిన పసుపు చూసుకుంది. "నీ కళ్లు నానే మూసీసేనేటి తల్లీ!" అని లెంపలేసుకుంది.

బంగార్రాజు తల గోక్కుని, "ఎల్లండర్రా, ఎల్లండి," అని నిచ్చెన వెనక్కి పంపేశాడు.

అప్పట్నుంచీ పసుపు నా ఇనుప కాళ్లకి, తడిగుడ్డ నా అద్దానికి. మూడేళ్లయింది. రోలు మీద తులసి కుండీ పెట్టారు. మొన్న శుక్రవారం మబ్బు నీడలో కల కంటూ ఉన్నాను. ఇన్నాళ్లూ వాన తప్ప ఎవరూ తాకని నా పై అంచున చల్లగా తడిగుడ్డ తగిలింది. ఎవరా అని చూస్తే, నూకరత్నం కుడిచెయ్యి.