తాలు గోతంలో తుమ్మ బుడిపె

ఘాటు ముందు వస్తుంది. గాలి తర్వాత వస్తుంది.

ప్రత్తిపాడు చేలల్లో ఆరబోసిన మిరపకాయల మీదుగా అది ఊళ్లోకి వస్తుంది. గడప దాటుతుంది. గొంతులో కూర్చుంటుంది. ఊరంతా దగ్గుతుంది, దగ్గుతూనే కబుర్లు చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో ఘాటు గురించి మాట్లాడేవాడు ఊరికి కొత్తవాడై ఉండాలి.

బుడాన్ పాతవాడు. కత్తులకు పిడులు వేస్తాడు.

గుంటూరు నుంచి ప్లాస్టిక్ పిడి కత్తులు సంచుల్లో దిగుతున్న కాలమది. ఎర్రవి, పచ్చవి... పెళ్లికొడుకుల్లా. అయినా బుడాన్ కొయ్య కోసం చెట్ల చుట్టూ తిరగడం మానలేదు. మనిషికి కొంచెం పిచ్చి అన్నారు. కొంచెమేంటి, బాగానే.

ఆ ఏడు అతనికి ఒకే ఒక్క పిడి కావాలి.

ఖాజాబీ చేతికి.

ఖాజాబీ అతని భార్య. ఆమెకి పక్షవాతం వచ్చి తగ్గింది. మాట తిరిగొచ్చింది. కాలు తిరిగొచ్చింది. కుడిచెయ్యి కూడా వచ్చింది — లేస్తుంది, ముడుచుకుంటుంది. స్పర్శ మాత్రం రాలేదు. వేడి తెలీదు. చల్లన తెలీదు. ఒకరోజు వంకాయలు తరుగుతుంటే వేలు తెగింది, అదీ తెలీలేదు. ముక్కలు ఎర్రబడటం కోడలు కరీమున్ చూసింది. ఆ రోజే కత్తి అటకెక్కింది.

అప్పట్నించి ఖాజాబీ వంటింటి గుమ్మంలో కూర్చుని కోడలు తరగడం చూస్తుంది. "అంత లావు ముక్కలా!" అని సణుగుతుంది. ఎవరూ లేనప్పుడు ఏడుస్తుంది. బుడాన్‌కి తెలుసు. తెలిసినట్టు కనపడనివ్వడు.

"పట్టుకున్నానో లేదో నాకే తెలీట్లేదయ్యా," అంది ఒకసారి.

ఆ మాట తర్వాత అతనికి అన్నం సయించలేదు.

నున్నటి పిడి జారుతుంది. బుడిపె కొయ్య జారదు. చెట్టుకి దెబ్బ తగిలిన చోట అది ఉబ్బుతుంది. లోపల చారలు తిన్నగా పోవు, సుళ్లు తిరుగుతాయి. అలాంటి పిడి పట్టుకుంటే చేతికి తెలుస్తుంది... తెలియాలి.

యలమంద చేని గట్టున నల్లతుమ్మ. దాని నడుముకి ఒక బుడిపె.

బుడాన్ చెవి ఆనించి వేలితో కొట్టాడు. డొల్ల మోత లేదు. గోటితో గీరాడు. వాసన చూశాడు. మళ్లీ కొట్టాడు.

"ఒరేయ్ బుడాన్, చెట్టుకి నాడి చూస్తన్నావా?" యలమంద నవ్వాడు. "కోసుకుపోరా. అది పొయ్యిలోకి కూడా పనికిరాదు."

కోశాడు. బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు.

బుడిపెను ఎండలో పెడితే పగులుతుంది. నీడలో, మెల్లగా, దాని తీరున అది ఆరాలి. తండ్రి నేర్పింది పత్తిగింజల్లో పాతిపెట్టడం. గింజ చెమ్మ పీల్చుకుంటుంది, తొందరపెట్టదు. కానీ ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది. ఇంట్లో గింజ లేదు. మూలన తాలు కాయల గోతం ఉంది — తెల్లబారి, మిర్చి యార్డులో ఎవరూ అడగని మిరపకాయలు. పొడిగా ఉంది. వెచ్చగా ఉంది. అందులో దూర్చాడు.

వానలొచ్చాయి. పోయాయి. మళ్లీ కళ్లాలు ఎర్రబడ్డాయి.

బుడిపెను తీశాడు. ఒక్క పగులు లేదు! కోశాడు, చెక్కాడు, వెచ్చటి ఆముదంలో నానేశాడు. గరుకు కాగితం పట్టించాడు. తుమ్మాడు. దగ్గాడు. ఊరంతా దగ్గుతోంది కదా... చేతులు మండలేదు. కాయలు కాచిన చేతులవి, నిప్పుకే లొంగవు.

తేనె రంగు పిడి. మధ్యలో సుళ్లు. పైన అక్కడక్కడ చిన్న చిన్న గడ్డలు, కావాలనే వదిలాడు.

కరీమున్ పంపు దగ్గరికి వెళ్లగానే, అటక మీది కత్తికి ఆ పిడి బిగించి తెచ్చి ఖాజాబీ చేతిలో పెట్టాడు. దొంగల్లా ఇద్దరూ.

"తెలుస్తందా?"

ఆమె వేళ్లు ముడిచింది. చాలాసేపు తన చెయ్యిని తానే చూసుకుంది.

"లేదయ్యా."

అతని ముఖం చూసి, "పిడి బాగుంది," అంది.

బెండకాయలు ముందేసుకుంది. ఒక ముక్క. ఆగింది. ఇంకో ముక్క. సన్నగా, వెనకటిలా. బుడాన్ ఎదురుగా కూర్చుని ఆమె వేళ్లనే చూస్తున్నాడు. అతనికి ఆమె అంటే ఎంత ఇష్టమో ఆ కూర్చోవడం చూస్తే చాలు.

"ఏవయ్యా... మండుతోంది."

"కంట్లోనా?"

"చేతిలో."

అప్పుడు వెలిగింది బుడాన్‌కి. తాలు గోతం. ఆముదం. ఇన్నాళ్లూ కాయల్లో ఉన్న కొయ్య, కారాన్నంతా నూనెతో కలిపి తాగేసింది.

"నా మతి మండ!" మజ్జిగ కోసం పరిగెత్తాడు. సగంలో ఆగాడు.

"ఏ చేతిలోనే?"

ఖాజాబీ కుడిచెయ్యి ఎత్తింది. తర్వాత ఎడమ చెయ్యి కూడా చూసుకుంది. బెండకాయలు పట్టుకున్న చెయ్యి. పిడిని అదీ తాకిందేమో... రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టుకుంది. కుడిచెయ్యినే మళ్లీ పైకెత్తింది.

బుడాన్ మజ్జిగ గిన్నె తెచ్చాడు. ఆ చెయ్యి పట్టుకుని ముంచబోయాడు. ఆమె లాక్కుంది. పసిపిల్ల జామకాయ దాచుకున్నట్టు ఒళ్లో దాచుకుంది.

"కడగొద్దు."

"మండుతోందన్నావుగా?"

"మండనీ."

వాకిట్లో కరీమున్ బిందె దించిన చప్పుడు. కత్తి దాచాలి. ఇద్దరూ కదల్లేదు.

ఆ చేతికి ఘాటు ముందు వచ్చింది.

గాలి ఇంకా రాలేదు...