ఆరో కిటికీ

మూడో అంతస్తు హాల్లో కెండ్రా ఆఖరి బల్లకి గుడ్డ పరిచి వెనక్కి తిరిగేసరికి ఓపల్ లేదు. రెండేళ్ళ పిల్ల. ఇప్పుడే కదా వేదిక మెట్టు మీద కూర్చుని రిబ్బను నములుతోంది!

బల్లల కింద చూసింది. వేదిక మీద సింహాసనంలాంటి పెద్ద కుర్చీ వెనక చూసింది. ఎక్కడా లేదు. హాలుకి ఉన్నది ఒక్కటే తలుపు. అక్కడ పీట మీద వెర్లిన్ కూర్చున్నాడు. ఎనభయ్యేడేళ్ళ ముసలాయన. ఈ మేడ లంగరు సోదరులనే రహస్య సంఘానిదిగా ఉన్నప్పుడు తలుపు కాపలా ఆయనదే. సోదరులంతా పోయి, మేడ అమ్ముడుపోయి, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలయినా ఆయన మాత్రం పీట వదల్లేదు.

"మిస్టర్ వెర్లిన్, పిల్ల ఇటు వచ్చిందా?"

"చీమ కూడా రాలేదమ్మాయ్. అరవై ఏళ్ళలో నా కన్నుగప్పి ఈ గడప దాటినవాడు లేడు."

"మీ గొప్పలు తర్వాత! నా పిల్లేదీ?"

కెండ్రా "ఓపల్!" అని అరిచింది. గోడలు ఆ అరుపుని మింగేశాయి. లోపలి మాట బయటికి పోకూడదని సోదరులు గోడల నిండా రంపప్పొట్టు కూరారట. పనిలో చేరిన రోజు ఆ సంగతి విని నవ్వింది. ఇప్పుడు గోడకి చెవి ఆనించింది. పిల్ల ఏ గోడ వెనకో ఏడుస్తున్నా తనకి వినబడదు.

కిటికీలోంచి పడిందేమోనని వీధిలోకి పరుగెత్తింది. కాలిబాట మీద ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంటూ తలెత్తింది. మూడో అంతస్తుకి ఆరు కిటికీలు! పొద్దున తను తెరలు కట్టింది అయిదు కిటికీలకే. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే.

ఒగరుస్తూ పైకొచ్చింది. "ఆరో కిటికీ ఎక్కడుంది?"

వెర్లిన్ మొహం సున్నం కొట్టినట్టయింది. "ప్రమాణం చేశానమ్మాయ్. నా భార్యకే చెప్పలేదు. మేడ కొన్నవాళ్ళకీ చెప్పలేదు."

"ఎవరికి చేశారు ప్రమాణం? వాళ్ళలో ఒక్కరైనా బతికున్నారా?"

"లేరు."

"నా కూతురు బతికుంది!"

ముసలాయన లేచాడు. వేదికెక్కి, పెద్ద కుర్చీ వెనక గోడ చెక్కని అరిచేత్తో నొక్కాడు. చిన్నపిల్ల ఆనుకున్నా తిరిగేంత తేలిగ్గా తిరిగింది. వదిలితే దానంతటదే మూసుకుపోయే తలుపది, లోపలినుంచి తెరుచుకోదు.

ఇరుకు గది. మురికి పట్టిన ఆరో కిటికీ వెలుగులో నిలబెట్టిన శవపేటిక, అందులో మనిషి ఎముకలగూడు. దాని పాదాల దగ్గర ఓపల్ ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. గుప్పిట్లో ఆ ఎముకల కాలివేలు.

కెండ్రా పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది.

"కొత్తగా చేరేవాడికి గంతలు కట్టి తెచ్చి ఇక్కడ విప్పేవాళ్ళం. 'రేపు నువ్వూ ఇంతే తమ్ముడూ' అని చెప్పడానికి," అన్నాడు వెర్లిన్ గొంతు తగ్గించి. "ఈయన మా మొదటి పెద్ద. పోయాక తన ఒళ్ళు సంఘానికే ఇమ్మని తనే రాసిచ్చాడు. మంచివాడమ్మాయ్."

"మంచివాడా! సాయంత్రం ఈ కుర్చీ ముందే పెళ్ళి. ఎంతమంది పిల్లలొస్తారో తెలుసా?" అంటూనే ఆగిపోయింది. ఇంకో భయం పుట్టింది. "నిజం చెప్పండి. ఇలాంటి తలుపులు ఇంకా ఉన్నాయా?"

వెర్లిన్ నేల చూపులు చూశాడు. "ఇంకొకటి."

"ఆ తలుపు మీద గుర్తు పెట్టండి," అంటూ బల్లలకి అంకెలు వేసే సుద్దముక్కని జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఎముకలవైపు ఒకసారి చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, పెళ్ళికూతురు ముస్తాబయ్యే గదివైపు నడిచాడు.