జొన్నచేని వైపు కిటికీ

శనివారం పొద్దున్నే యేసేపు ఇంట్లో చొక్కా మీద పంచాయితీ మొదలైంది. ఆదోని పత్తి మిల్లులో పనిచేసే యేసేపు, మిల్లు చొక్కాను తీసుకొచ్చి తల్లి సిద్దమ్మ చర్చి చీర పక్కనే తగిలించాడు.

“ఇది సీరనా, పరుపునా? దూదంతా అంటించినావు గదరా.”

“ఇంగో కొక్కెం యాడుంది మా? అన్నిట్లోనూ నీ సీరలే.”

“ఆయాసంతో సస్తాంటే నీకు ఎగతాళి.”

కోడలు ప్రేమలత చొక్కా తీసుకుపోయి బయట దులిపింది. గొడవ చొక్కా గురించి కాదని ఆమెకు తెలుసు. నెల రోజులుగా తెల్లవారేసరికి అత్తకు ఆయాసం. దూది పడక అని అందరూ తేల్చేసుకున్నారు. వీధి వైపు దూది ఎగురుతుందని మంచాన్ని పెరటి కిటికీ కిందికి మార్చారు. కిటికీ అవతల జొన్నచేను, చల్లని గాలి. అయినా తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. దూదికి దూరంగా ఉంటుందని, బుధవారం అల్లుడు శేఖర్ వచ్చి ఆమెను దేవనకొండలో కూతురి ఇంటికి తీసుకుపోతాడు. నలభై ఏళ్ల కాపురం వదిలిపోవడానికి సిద్దమ్మకు మనసొప్పడం లేదు. సంచిలో సర్దుకున్న బట్టలు రోజుకోసారి బయటికి తీస్తూనే ఉంది.

వాళ్ల మిద్దె మీద వారం నుంచి ఒక యంత్రం ఉంది. యూనివర్సిటీ నుంచి వచ్చిన వీణ దాంతో పరిశోధన చేస్తోంది. అది కంటికి కనపడని లేజరు కాంతిని గాలిలోకి పంపుతుంది. ఆ కాంతి తగిలితే పుప్పొడి, బూజు రేణువులు తమదైన వెలుగుతో మెరుస్తాయి. ఆ వెలుగును బట్టి ఏవి, ఎంత దూరంలో ఉన్నాయో అంచనా కడతారు.

ఆదివారం మిల్లుకు సెలవు. అయినా తెల్లవారుజామున సిద్దమ్మకు ఆయాసం ఎక్కువైంది. ప్రేమలత ఆమెకు వేడినీళ్లిచ్చి, నేరుగా మిద్దెక్కింది.

“వీణమ్మా, ఈ పొద్దు మిల్లు లేదు. మరి మా అత్తకు ఎందుకిట్లయింది?”

వీణ యంత్రం తెర చూపించింది. జొన్నచేని మీద నుంచి పచ్చటి చార ఒకటి నేలబారుగా వాళ్ల ఇంటి వైపే సాగుతోంది.

“రోజూ ఈ వేళకే వస్తుందక్కా. ఎండెక్కితే తగ్గిపోతుంది. ఏమిటో చూద్దాం ఉండు.”

గాలిలోవి అంటుకునేలా వాజిలిన్ పూసిన గాజుపలకను పెరటి కిటికీలో కాసేపు పెట్టి, మైక్రోస్కోపు కింద చూసింది. అన్నీ గుండ్రటి రేణువులు.

“జొన్న పుప్పొడే. ఇది ఆమెకు పడదో ఏమో డాక్టరే చెప్పాల.”

ప్రేమలతకు నవ్వొచ్చింది. దూదికి భయపడి అత్తను తామే తీసుకుపోయి పుప్పొడికి ఎదురుగా పడుకోబెట్టారు.

ఆ సాయంత్రమే పెరటి కిటికీ మూసి, మంచాన్ని మళ్లీ వీధి వైపుకు మార్చారు. సోమవారం మిల్లు మళ్లీ నడిచింది, వీధిలో దూదీ ఎగిరింది. సిద్దమ్మ మాత్రం ఏడింటి దాకా గురక పెట్టి నిద్రపోయింది. మంగళవారమూ అంతే. ఆ పొద్దే ఆసుపత్రికి పోతే డాక్టరు పరీక్ష చేసి, పడనిది పుప్పొడేనన్నాడు. మందు రాసిచ్చాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర యేసేపు అడిగాడు: “మా, రేపు బావ ఎన్నింటికి వస్తాడంట?”

“రావద్దని సెప్పు. దేవనకొండలో మీ అక్క ఇంటి సుట్టూ జొన్నచేనే. ఆడికి పోయి సావల్నా నేను?” సిద్దమ్మ సంగటి ముద్దను పప్పులో అద్దుకుంది. “నేను ఈడనే ఉంటా. కోతలైనాక వాళ్లనే రమ్మను, నన్ను సూసి పోతారు.”