నీళ్ళు కనబడుతున్నాయా

ఆగస్టు తొమ్మిది. ఆ పొద్దున ఏం తిన్నదీ మాస్టారికి ఇప్పటికీ గుర్తే. రెండు ఉడకబెట్టిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె, సగం అరటిపండు. ఆ సగం, ఆయన దగ్గరే డైవింగ్ నేర్చిన మేనల్లుడు తినగా మిగిలింది.

"మీరు తినెయ్యండి మామయ్యా. ఇంకొక్క ముద్ద పడిందంటే నాతోపాటు గుడ్లు కూడా పల్టీలు కొడతాయి."

"కొట్టనీరా. నీకు బొంగరం అని ఊరికే పేరు పెట్టలేదు మీ అత్తయ్య."

అత్తయ్య పోయి నాలుగేళ్ళయింది. ఆ పేరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

దేశదేశాల వాళ్ళు వచ్చిన ఆ పోటీల్లో మగవాళ్ళ పది మీటర్ల డైవింగ్ ఫైనల్ ఆ సాయంత్రమే. మూడంతస్తుల మేడంత ఎత్తునుంచి దూకి, గాల్లో గిరగిరా తిరిగి, చుక్క చిందకుండా నీళ్ళలోకి జారిపోవాలి. బొంగరం భుజానికి రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఇక చాలన్నాడు డాక్టరు. ఇదే ఆఖరి పోటీ. ఇన్నేళ్ళలో పతకం ఒక్కటీ రాలేదు. ఎప్పుడూ నాలుగో స్థానమే.

"నాలుగోవాడంటే పెళ్ళికొచ్చి కూడా ఫొటోలో పడనివాడు మామయ్యా," అని తనే నవ్వేవాడు.

వచ్చినవాళ్ళలో మాస్టారికి గిట్టనివాడు ఒక్కడే. ఏ దేశపువాడో, కొంగలా పొడుగు. మాస్టారే వాడికి నిచ్చెన అని పేరు పెట్టారు. డైవుకీ డైవుకీ మధ్య ఒళ్ళు చల్లబడకుండా అందరూ కూర్చునే వేడినీళ్ళ తొట్టి ఒకటుంది. నిచ్చెన దిగాడంటే ఆ తొట్టి మొత్తం వాడి కాళ్ళకే సరి.

"వాళ్ళ తాత కట్టించాడనుకుంటున్నాడు," అని గొణిగారు మాస్టారు.

"పోనీండి మామయ్యా. అంతేసి కాళ్ళు పాపం ఎక్కడ పెట్టుకుంటాడు?"

ఫైనల్ ఆఖరి రౌండుకొచ్చింది. మొదటి రెండు స్థానాలూ ఎవరికీ అందనంత దూరంలో ఉన్నాయి. నిచ్చెన దూకేసి మూడో స్థానంలో నిలిచాడు. మిగిలింది బొంగరం ఒక్కడే. బాగా దూకాడా, మూడో స్థానం అతనిది, నిచ్చెన నాలుగోవాడు. లేదా, మళ్ళీ పాత కథే.

బొంగరం అంచుదాకా వచ్చాడు. సరిగ్గా అప్పుడే, నీళ్ళమీద సన్నగా జల్లు కొట్టే గొట్టాలు గుర్రుమని ఆగిపోయాయి. పూల్ అద్దమైపోయింది.

చూసేవాళ్ళకి అదేమంత విశేషం కాదు, దూకేవాడికి మాత్రం ప్రాణసంకటం. నీళ్ళు కదులుతుంటేనే అవి ఎక్కడున్నాయో గాల్లో తిరిగే కంటికి తెలిసేది. కదలని నీళ్ళలో పైకప్పు దీపాలే కనబడతాయి; ఏది పైనో ఏది కిందో అంతుపట్టదు. రెప్పపాటు లెక్క తప్పితే ఆ భుజం మళ్ళీ పోతుంది.

బొంగరం చెయ్యెత్తి వెనక్కి జరిగాడు. రిఫరీ ఆగమన్నాడు. మెకానిక్కులు పరుగెత్తారు. ఎంతకీ జల్లు రాలేదు. పైన తడి ఒంటితో నిలబడి మేనల్లుడు భుజం రుద్దుకోవడం మాస్టారికి కిందికి కనబడుతూనే ఉంది. ఒళ్ళు చల్లబడితే ఆ భుజం కొయ్యబారిపోతుంది.

బొంగరం దూకడం నేర్చుకున్న చిన్న పూల్‌లో గొట్టాలూ లేవు, జల్లూ లేదు. అత్తయ్యే గట్టుమీద కూర్చుని, ఒళ్ళో అల్లిక పెట్టుకుని, కాళ్ళతో నీళ్ళని టపటపా కొట్టేది. "నీళ్ళు కనబడుతున్నాయా నాన్నా?" అని కేకేసేది. కనబడుతున్నాయంటూ వాడు దూకేవాడు.

మాస్టారు లేచారు. కోచ్‌లు దాటకూడని గీత ఒకటుంది. నియమం ఒకపక్క, ఇంతమంది జనం ఒకపక్క. గీత దగ్గర ఆయన కాళ్ళు తటపటాయించాయి.

ఈలోగా తొట్టిలోంచి నిచ్చెన లేచాడు. ఒకసారి పైకి చూశాడు, ఒకసారి నీళ్ళకేసి చూశాడు. తువ్వాలు పక్కన పడేసి నింపాదిగా వెళ్ళి గట్టుమీద కూర్చుని, ఆ పొడుగు కాళ్ళు నీళ్ళలో వేసి కొట్టడం మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి ఇంకొకడు వచ్చి కూర్చున్నాడు, ఆ వెనక ఇంకొకడు. కాసేపటికి గట్టు వెంబడి డైవర్లందరూ బడిపిల్లల్లా కాళ్ళాడిస్తున్నారు. అద్దం చెదిరిపోయింది. రిఫరీ చూసి, చిన్నగా నవ్వి, కానిమ్మన్నట్టు పైకి సైగ చేశాడు.

మాస్టారు గీత దగ్గరే నిలబడి గొంతు చించుకున్నారు. "నీళ్ళు కనబడుతున్నాయా నాన్నా?"

పైన బొంగరం బొటనవేలు లేచింది. 

బొంగరం దూకాడు. ఎన్నిసార్లు తిరిగాడో మాస్టారు లెక్కపెట్టలేదు. చూసింది ఆఖరు ఒక్కటే. నిలువునా సూదిలా దిగాడు. వాడి వెనక నీళ్ళు మెల్లగా మూసుకున్నాయి.

బోర్డు మీద మూడో స్థానంలో బొంగరం, దాని కింద నిచ్చెన. బోర్డుకేసి ఒక క్షణం చూసి, పెదవి విరిచి, బొంగరాన్ని నీళ్ళలోంచి పైకి లాగడానికి అందరికంటే ముందు చెయ్యిచ్చింది మాత్రం నిచ్చెనే.

ఆ రాత్రి ఆపిల్ పళ్ళు పట్టుకుని నిచ్చెన బొంగరం గదికొచ్చాడు. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ అరచేతుల్నే డైవర్లలా పల్టీలు కొట్టిస్తూ పడీపడీ నవ్వుకున్నారు. పతకం కాసేపు వాడి మెళ్ళో, కాసేపు వీడి మెళ్ళో.

"అచ్చం అత్తయ్యలాగే నీళ్ళు కొట్టాడు కదూ మామయ్యా? కాళ్ళే కాస్త పొడుగు."

"మీ అత్తయ్య వింటే తనని పొట్టిదన్నావని రెండు రోజులు మాట్లాడేది కాదు."

అలా నవ్వుకుంటూనే బొంగరం, నిచ్చెన చెరో మంచంమీద నిద్రపోయారు. నిచ్చెన పాదాలు మంచం దాటి గాల్లో వేలాడుతున్నాయి. మాస్టారు చప్పుడు కాకుండా ఒక కుర్చీ తెచ్చి వాటి కింద పెట్టారు, దుప్పటి చివర వాటిమీదికి లాగారు. దీపం ఆర్పి, తన గదికి వెళ్తూ తలుపు మెల్లగా దగ్గరికి వేశారు.