అవతలి గట్టున పెట్టిన దుకాణం

బాతుమాంసం అన్నం పొట్లాలు ముర్సిద్ చేతిలో ఇంకా కాలుతూనే ఉన్నాయి. అక్క సుపియా వాటిని అరిటాకులో చుట్టి, పైన మందపాటి గోధుమరంగు కాగితం మడిచి ఇప్పుడే ఇచ్చింది. బండి తాళం తిప్పబోతుంటే జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. యాప్‌లో అడిగినవాళ్లకి అన్నం చేరవేయించే గెగాస్ కంపెనీతో అతని భాగస్వామ్యం ముగిసిందట. తానున్న చోటు గురించి అబద్ధం చెప్పి మోసం చేశాడట. ఇన్నాళ్ల సేవలకు ధన్యవాదాలట.

"ఏంట్రా, దిష్టిబొమ్మలా నిలబడ్డావు?" అంది సుపియా, బాణలి మీంచి కళ్లు ఎత్తకుండా.

"నన్ను తీసేశారక్కా."

"ఎవరు?"

"ఎవరో తెలిస్తే పోయి కాలర్ పట్టుకుందును. మనిషెవడూ లేడు. మెషీన్ తీసేసింది."

సుపియా పొయ్యి తగ్గించి ఫోను లాక్కుని చదివింది. కింద ఫిర్యాదు చేసుకునే గుర్తు ఉంటే నొక్కింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబొచ్చింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. కడుపు మండి ఫోను బల్ల మీద పడేసింది. అది అక్కడ కూడా వినయంగా వెలుగుతూనే ఉంది.

నేరం ముర్సిద్‌ది కాదు. ఆ యాప్ కొత్త రూపం వేసుకున్న రోజు నుంచీ సురబాయా నగరంలో కాలిమాస్ నది పక్కనున్న వాళ్ల సందునంతా పటంలో ఎత్తి అవతలి గట్టున పెట్టింది. బండివాళ్లు అవతలికి పోయి నిలబడితే, సుపియా బాణలి పొగ నీళ్లకివతల కనిపించేది. వంతెన మీదుగా చుట్టు తిరిగొచ్చేసరికి అన్నం చల్లారేది, తినేవాళ్లు తిట్టేవాళ్లు, తిట్లు బండివాడి ఖాతాలో పడేవి. ఇవతల నిలబడి పొట్లం తీసుకుందామంటే యాప్ ఒప్పుకునేది కాదు; నువ్వు దుకాణం దగ్గర లేవు అనేది. చెప్పీ చెప్పీ నోళ్లు నొప్పి పుట్టాయి. ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుని కంపెనీ ఎప్పుడో ఎత్తేసింది.

అప్పుడు బండివాళ్లు తుయుల్ పెట్టుకున్నారు. యజమాని కోసం ఇళ్లల్లో దూరి డబ్బు ఎత్తుకొచ్చే గుండు పిల్లదయ్యాన్ని అక్కడ తుయుల్ అంటారు. మనిషి ఒకచోట ఉంటే మరోచోట ఉన్నట్టు ఫోనుకి అబద్ధం చెప్పే దొంగ సాఫ్ట్‌వేర్‌కి బండివాళ్లు ఆ పేరే పెట్టుకున్నారు. వేరేచోట్ల దాన్ని కూర్చున్న చోటి నుంచే మంచి బేరాలు కొట్టేయడానికి వాడతారు. వీళ్లు మాత్రం ఉన్న దుకాణం ముందే నిలబడి, లేని దుకాణం ముందున్నట్టు చూపించుకోవడానికి వాడారు. కంపెనీ తప్పుని తమ అబద్ధంతో దిద్దుకుని, పని సాగితే చాలనుకున్నారు. పటం దిద్దడం చేతగాని మెషీన్, దొంగని పట్టడంలో మాత్రం దిట్ట.

ఆ వారంలో సందులోని బండివాళ్ల ఖాతాలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. రేపోమాపో దుకాణాల వంతు. సుపియాకి ఆ దుకాణం తప్ప మరో ఆధారం లేదు. మొగుడు పోయాక దాన్నే పట్టుకుని ఇద్దరు కూతుళ్లని సాకుతోంది. గెగాస్ వచ్చిన కొత్తలో ఆ కంపెనీ కుర్రాళ్లే నవ్వుతూ వచ్చి, బెంచీలు తీసేసి పొయ్యిలు పెంచుకో అక్కా, జనాన్ని మేం తెస్తాం అన్నారు. తీసేసింది. నడిచొచ్చి తినేవాళ్లు రావడం మానేశారు. ఇప్పుడు తన వంట ఎవరు తింటున్నారో ఆమెకి తెలీదు, వాళ్ల ఫోను నెంబరు తెలీదు. పొట్లం మీద తన నెంబరు రాసిచ్చిందో, దుకాణం శాశ్వతంగా మూత. లోపలికి వచ్చేటప్పుడు వెడల్పుగా ఉన్న తలుపు, బయటికి పోదామంటే కనిపించలేదు.

*

మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక ఫ్లైఓవర్ కింద, బండివాళ్ల పాకలో అందరూ చేరారు. బండివాళ్లతో బాటు వంటవాళ్లు రావడం అదే మొదలు. కాఫీలు వచ్చాయి, వాదన మొదలైంది.

"ఆఫీసు ముందు ధర్నా చేద్దాం," అన్నాడు ఒక కుర్రాడు.

అందరిలోకీ పెద్దవాడు జుమాదీ. మీసంలోనే నవ్వాడు. "చేశాంలేరా, చాలాసార్లు. ఎండలో నిలబెట్టి, సాయంత్రం తలకో అన్నం పెట్టె ఇచ్చి, మాతో ఫోటో దిగి పంపించారు. ఆ అన్నం కూడా చల్లారిందే."

"పోనీ, వేరే యాప్‌లోకి పోదాం."

"ఇంకేం. ఈ కొట్టంలోంచి ఆ కొట్టంలోకి. అక్కడ మేత మారుతుంది, పలుపు మారదు."

శాకాహారులకి టోఫూ పులుసు అమ్మే రొకయా లేచింది. ఆమె మాట ఎప్పుడూ కుండబద్దలే. "మీకేం, బండి ఉంది, ఎక్కడైనా నడుపుకుంటారు. నేను పొయ్యి నెత్తిన పెట్టుకుని తిరగనా? మీ తుయుల్ వల్లే మా సందుకి చెడ్డపేరొచ్చింది."

"మా తుయుల్ వల్లా? నీ పులుసు వేడిగా పోవాలనే కదా పెట్టుకుంది."

"నేను అడిగానా?"

"చల్లారితే తిట్టింది ఎవరు మరి?"

వంటవాళ్లొక పక్క, బండివాళ్లొక పక్క అయిపోయారు. కంపెనీకి కావలసింది సరిగ్గా అదే. ముర్సిద్‌కి చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. "మెషీన్ మన మధ్య కూర్చుని ఇద్దరి చెవుల్లోనూ ఊదుతోంది. మీ అన్నం చల్లారిందని మాకు, మేం దొంగలమని మీకు. అది నోరు మూసుకుంటే మనకి తగువేముంది?" అన్నాడు.

సుపియా రోడ్డు వైపు తిరిగింది. పాకలోంచి చూస్తే, రోడ్డుకవతల పాత ప్లాజా కనిపిస్తోంది. కిటికీలన్నీ ఇటుకలతో పూడ్చేసి చిన్నచిన్న కన్నాలు వదిలారు. ఆ కన్నాల్లోంచి పక్షులు లోపలికి పోతున్నాయి, బయటికొస్తున్నాయి. తినడానికి ఖరీదుగా అమ్ముడుపోయే గూళ్ల కోసం వాటిని పెంచుతున్నారు.

"మా అమ్మ అందులో బట్టల కొట్టు పెట్టింది," అంది సుపియా. "ఊళ్లో బట్ట కొనాలంటే అదొక్కటే చోటు. మెట్ల మెషీన్ చెడిపోతే బాగుచెయ్యలేదు. మరుగుదొడ్లు కంపు కొడుతుంటే ముక్కు మూసుకోమన్నారు. అద్దె మాత్రం పెంచుకుంటూ పోయారు. మీరు పోతే ఎక్కడికి పోతారు అని మేనేజరు మొహం మీదే అన్నాడు. కొనేవాళ్లు ముందు పోయారు, అమ్మేవాళ్లు తర్వాత పోయారు. ఇప్పుడు పిట్టలు అద్దె ఇస్తున్నాయి."

ఎవరో నవ్వారు.

"గెగాస్‌దీ అదే పొగరు. తినేవాళ్లు మాత్రం సుఖంగా ఉన్నారా? వాళ్లకీ చల్లారిన అన్నమే, వాళ్లకీ ధన్యవాదాలే. వాళ్లకి మన దారి తెలీదు, మనకి వాళ్ల దారి తెలీదు. తెలియనివ్వకుండా మధ్యలో కూర్చోవడమే వాడి బలం."

"అయితే ఏంటంటావక్కా?"

"పొట్లం మీద నెంబరు రాస్తా."

జుమాదీ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "రాస్తే నీ కొట్టు పోతుంది, సుపియా. ఆడపిల్లలున్నారు."

"నా ఒక్కదాని పొట్లం మీదే ఉంటే పోతుంది. అందరి పొట్లాల మీదా ఉంటే ఎవరి కొట్టని మూస్తాడు?"

రొకయా కాసేపు కాలి బొటనవేలితో నేల గీరింది. ఆ తర్వాత జాకెట్లోంచి నల్ల స్కెచ్ పెన్ను తీసింది. తిట్లు మాత్రం ఆపలేదు.

*

పట్టుమని పది రోజులు గడవకముందే గెగాస్ తరఫున అర్దియాన్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ పట్టీ, చేతిలో పలకంత ఫోను. ఇన్ని నెలలు పిలిచినా రాని మనిషి, కాగితం మీద నెంబరు పడగానే వంతెన దాటి, దారి అడగకుండా నేరుగా వచ్చాడు.

"అక్కా, మీ సమస్య నా చెవిన పడింది," అన్నాడు. "పటంలో మీ కొట్టు చుక్కని ఇవతలికి తెచ్చే పూచీ నాది. కానీ ఈ నెంబర్ల గోల ఎవరు మొదలెట్టారో మీరు చెప్పాలి. పేరు బయటికి రాదు."

సుపియాకి కూతుళ్లు గుర్తొచ్చారు. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించిందన్నది నిజం. దాచడమెందుకు, పేదవాళ్లకి భయం లేదని రాసేవాళ్లు పేదరికం చూసినవాళ్లు కాదు. అర్దియాన్ వెనక బండివాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. పక్క కొట్టులోంచి రొకయా తొంగిచూస్తోంది.

"నేనే మొదలెట్టా," అంది సుపియా.

"మీరు కాదని నాకు తెలుసు. మీ తమ్ముడు కదా?"

"నా చేతిరాత చూపించనా?"

అతను నిట్టూర్చి పలక మీద వేలు ఆడించాడు. అక్కడున్న అందరి ఫోన్లలోనూ సుపియా కొట్టు పేరు బూడిదరంగుకి తిరిగింది. అంతే. చప్పుడు లేదు, గొడవ లేదు. ఆమె కష్టం ఎవరో అరటితొక్క తీసి పారేసినంత తేలిగ్గా పోయింది.

రొకయా తన ఫోను పైకెత్తి, అతనికి కనిపించేలా, తన కొట్టుని తనే మూసుకుంది. "ఇదిగో అయ్యా, నీ వేలికి శ్రమెందుకు." ఆ వెనకే సోటో చారు కొట్టు, ఆ వెనక వేయించిన అరటిపండ్ల కొట్టు. ఖాతాలు మిగిలిన బండివాళ్లు కూడా ఆపేశారు. సాయంత్రానికి పటంలో అవతలి గట్టు మీద వాళ్ల చుక్కే లేదు. ఇవతలి గట్టు మీద ముందే లేదు.

ఆ తర్వాతి రోజులు మాత్రం నరకం. ఫోను మోగలేదు. వేయించిన బాతులు జాలీ కింద అలాగే ఉండిపోయేవి. ఇరుగుపొరుగు కుర్రకుంకలందరూ తిని బలిశారు గానీ, కొనేవాళ్లు ఎవరూ రాలేదు. అరటిపండ్ల అతను కళ్లు దించుకుని కొట్టు మళ్లీ తెరిచాడు. ఇంకెంత కాలం అని జుమాదీ అడిగితే సుపియా మిగిలిన బాతుని అతనికే పొట్లం కట్టిచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నర్సు హెర్లినా చెమటలు కక్కుతూ, దారి అడుక్కుంటూ సందులోకి వచ్చింది. వస్తూనే దులిపేసింది. "మీకేమైనా బుద్ధుందా? పొట్లం మీద నెంబరు రాస్తే మా వార్డు కుర్రాడు కాగితాలన్నీ చెత్తలో వేశాడు. మీ బాతన్నం కోసం యాప్‌లో వెతికీ వెతికీ అలిసిపోయాం, అడిగితే అది క్షమాపణ చెప్పి ఎక్కడో దూరం దుకాణం చూపిస్తోంది. ఆ దుకాణం అన్నమేమో రాలేదు, డబ్బు వెనక్కి ఇవ్వమంటే మెషీన్ పాట పాడింది. మీరు చచ్చారనుకున్నాం."

సుపియాకి నవ్వు, ఏడుపు కలిసొచ్చాయి. "నువ్వూ అరిచావా తల్లీ, ఆ మెషీన్ మీద?"

"నేనొక్కదాన్నేనా? ఆస్పత్రంతా అరుస్తోంది."

ఆ పూట ముర్సిద్ తుయుల్ లేకుండా, యాప్ లేకుండా, వార్డు పేరు నోటితో అడిగి పొట్లాలు పట్టుకెళ్లాడు. వేడిగా అందాయి. మర్నాడు రేవు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, తర్వాత బ్యాంకు నుంచి. అరటిపండ్ల అతను యాప్ మళ్లీ ఆపేసి, తలవంచుకుని వచ్చి వరసలో నిలబడ్డాడు. పక్క సందులవాళ్లు వచ్చి ఎలా చేశారని అడిగి వెళ్లారు. నది పొడుగునా చుక్కలు ఆరిపోవడం మొదలైంది.

అప్పుడు పోలీసులొచ్చారు. అందరినీ కాదు, ముర్సిద్‌ని. తుయుల్ పెట్టి కంపెనీని మోసం చేశాడని పాత కేసు. బండి హ్యాండిల్ పట్టుకున్న చేతుల్ని విడదీసి వ్యాను ఎక్కించారు. "అక్కా, జనరల్ వార్డు పొట్లాలు బండి మీదే ఉన్నాయి, చల్లారిపోతాయి," అని మాత్రం అరిచాడు. జుమాదీ ఆ బండి ఎక్కి వాటిని అందించి వచ్చాడు.

*

మరుసటి ఉదయం అర్దియాన్ మళ్లీ వచ్చాడు. ఈసారి పట్టీ జేబులో ఉంది. సందులో వంటవాళ్లు, బండివాళ్లు, పనిలోకి పోతూ ఆగిన హెర్లినా, ఆమె వెంట ఇద్దరు నర్సులు. కుర్చీ ఎవరూ వెయ్యలేదు.

"చూడండి," అన్నాడు పలక తిప్పి చూపిస్తూ. సందు మొత్తం ఇవతలి గట్టున, సరిగ్గా తన చోట ఉంది. సుపియా కొట్టు పచ్చగా వెలుగుతోంది. "పైవాళ్లు రాత్రికి రాత్రి మార్పించారు. మీ మీద ఏ చర్యా ఉండదు. అందరూ తెరుచుకోవచ్చు. ఏ షరతూ లేదక్కా."

ఇన్ని నెలలు కుదరని పని ఒక్క రాత్రిలో అయిపోయింది. సుపియా ఆ పచ్చ చుక్కని చూసింది. ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు, పాత రోజులు వెనక్కొస్తాయి. అందరూ ఆమెనే చూస్తున్నారు. కొందరి కళ్లల్లో తెరువు అని కూడా ఉంది. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది.

"కొట్టుని దాని చోట పెట్టావు, బాగుంది," అంది. "నా తమ్ముణ్ణి వాడి చోట ఎప్పుడు పెడతావు?"

"అది పోలీసుల వ్యవహారం, నా చేతుల్లో..."

"పొట్లం మీద నెంబరు రాస్తే నీ చేతుల్లోకి వచ్చింది. సందంతా చీకటైతే రాత్రికి రాత్రి నీ చేతుల్లోకి వచ్చింది. ఇది కూడా వస్తుందిలే."

సుపియా పొయ్యి ఆర్పి, బాణలి మీద మూత పెట్టి, చెప్పులు తొడుక్కుంది. పోలీసు స్టేషను ఆ వీధి చివరే. ఆమె నడిచింది. వెనక రొకయా కొట్టు తలుపు దబ్బున పడిన చప్పుడు, ఆ తర్వాత పక్కది, ఆ తర్వాత దాని పక్కది. బండ్లు స్టార్ట్ చెయ్యకుండా తోసుకుంటూ వచ్చారు బండివాళ్లు. హెర్లినా వార్డుకి ఫోను చేసి, ఈ పూట ఆలస్యమవుతుందని చెప్పి వాళ్లతో కలిసింది.